ఇంగ్లీషు వచ్చు, నోటికి రావడం లేదు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ ప్రాంతాల్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు సంభాషణ నేర్పుతుంటాను. వచ్చేవాళ్లలో చాలామందికి డిగ్రీలున్నాయి, ఉద్యోగాలున్నాయి, వ్యాకరణం కూడా బాగానే వచ్చు. రుషికొండ ఐటీ ఆఫీసుల వాళ్లు, పరవాడ ఫార్మా కంపెనీల వాళ్లు, ఓడల మీద వెళ్లేవాళ్లు, విదేశాలకు సిద్ధమవుతున్న నర్సులు వస్తుంటారు. వృత్తి ఏదైనా సందేహాలు మాత్రం అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అక్షరాల దగ్గర నుంచి నేర్చుకునేవాళ్ల కోసం కాదిది, చాలావరకు వచ్చి ఒకచోట ఆగిపోయినవాళ్ల కోసం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఎక్కడున్నానో తెలుసుకునే దశ

ఇంగ్లీషు పేపరు చదివితే అంతా అర్థమవుతుంది. మాట్లాడబోతే చిన్నపిల్లల ఇంగ్లీషే వస్తోంది. ఎందుకిలా?

చూడగానే గుర్తుపట్టే మాటలు వేరు, అవసరం పడినప్పుడు నోటికి వచ్చే మాటలు వేరు. మాతృభాషలోనూ ఇంతే. 'ప్రతిష్టంభన', 'సంక్షోభం' అని పత్రికలో రోజూ చదువుతాం గానీ పూర్ణా మార్కెట్లో కూరలు కొంటూ ఆ మాటలు అనం. పుస్తకాల ద్వారా ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లలో ఈ తేడా మరీ పెరిగిపోతుంది. 'రిలక్టెంట్' అనే మాట చదివినప్పుడు తెలియనివాళ్లు మా తరగతిలో ఎవరూ లేరు. "మా నాన్నగారు ఆపరేషన్‌కు వెనకాడుతున్నారు" అని ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం అందరూ 'నాట్ ఇంట్రెస్టెడ్' దగ్గరే ఆగిపోతారు. మీకు కొత్త మాటల కొరత పెద్దగా లేదు. తెలిసిన మాటలను నోటికి అలవాటు చేయడమే ఈ దశలో అసలు పని. ఈ విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

నేను నిజంగా అడ్వాన్స్‌డ్ స్థాయిలోనే ఉన్నానా? ఎలా తెలుస్తుంది?

ఐరోపా మండలి 2001లో ప్రచురించిన కొలమానంలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లున్నాయి. సాధారణంగా సీ1 నుంచి అడ్వాన్స్‌డ్ అంటారు. మాటల కోసం వెతుక్కుంటున్నట్టు కనబడకుండా మాట్లాడటం, పైకి చెప్పని అంతరార్థాన్ని పట్టుకోవడం, మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి భాష మార్చుకోవడం ఆ మెట్టు లక్షణాలు. ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. మీ ఉద్యోగంలో ఎదురైన ఒక చిక్కు సమస్యను, ఆ రంగం తెలియని మనిషికి చెబుతున్నట్టుగా రెండు నిమిషాలు ఇంగ్లీషులో ఫోనులో రికార్డు చేసి వినండి. విషయం చేరింది గానీ తడుముకోవడం ఎక్కువగా ఉందంటే మీరు సీ1కు కింది మెట్టయిన బీ2 చుట్టుపక్కల ఉన్నట్టు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చదవడంలో సీ1, మాట్లాడటంలో బీ2. ఈ ఎగుడుదిగుడు మామూలే, కంగారు పడకండి.

ఇంకా ఎన్ని మాటలు నేర్చుకోవాలి?

పదసంపద మీద జీవితకాలం పరిశోధన చేసిన పాల్ నేషన్ 2006లో ఒక లెక్క ఇచ్చారు. ఒక రచనలోని మాటల్లో 98 శాతం తెలిసి ఉండాలనుకుంటే నవలలకు, వార్తాపత్రికలకు 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలి. మాట్లాడే ఇంగ్లీషును విని అర్థం చేసుకోవడానికి 6,000 నుంచి 7,000 చాలు. పదకుటుంబం అంటే 'డిసైడ్', 'డిసైడెడ్', 'అన్‌డిసైడెడ్' లాంటి రూపాలన్నీ కలిపి ఒక్కటి. పైచదువులకు వెళ్లేవాళ్లకు మరో జాబితా ఉపయోగపడుతుంది. ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన ఆ జాబితాలో 570 పదకుటుంబాలున్నాయి, అవి ఏ శాస్త్రం పుస్తకం తెరిచినా ఎదురయ్యేవే. ఈ అంకెలన్నీ అర్థం చేసుకోవడానికి సంబంధించినవని గుర్తుంచుకోండి. బాగా మాట్లాడటానికి ఇంతకన్నా చాలా తక్కువ మాటలు సరిపోతాయి, కాకపోతే వాటిని పూర్తిగా వశం చేసుకోవాలి.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. అదే నాకు అడ్డంకా?

కాదు. తెలుగులో బాగా చదువుకున్నవాళ్లకు వాక్యం ఎలా కూర్చాలో తెలుస్తుంది, ఆ తెలివి ఏ భాషకైనా పనికొస్తుంది. మీకు తక్కువైంది ఒక్కటే: చిన్నప్పుడు ఇంగ్లీషు చెవిన పడలేదు. దాన్ని ఇప్పుడు వినడంతో పూడ్చుకోవచ్చు.

## మాటలు పోగుచేసుకునే దశ

రోజుకు పది కొత్త మాటలు బట్టీపట్టమంటున్నారు. చేయాలా?

వద్దు. ఆ జాబితాల్లో చాలా మాటలు మీరు ఏడాదిలో ఒక్కసారి కూడా వినరు. విననిదాన్ని వాడరు, వాడనిదాన్ని మరిచిపోతారు. వారానికి ఏడెనిమిది మాటలు చాలు గానీ ఎంపిక మీదై ఉండాలి. ఈ మధ్య రెండు మూడు చోట్ల కనబడిన మాట తీసుకోండి. అంతకన్నా విలువైనవి, మాట్లాడుతూ మాట్లాడుతూ మీకు దొరకకుండా పోయిన మాటలు. మీటింగులో "ముందు జాగ్రత్తగా" అనబోయి ఆగిపోయారనుకోండి, ఆ రాత్రే వెతికి 'యాజ్ ఎ ప్రికాషన్' అని రాసుకోండి. అవసరంలో పుట్టిన మాట కనుక మనసులో నాటుకుంటుంది.

నోటుబుక్కులో మాట, పక్కన తెలుగు అర్థం రాసుకుంటున్నాను. సరిపోతుందా?

సరిపోదు. ఈ స్థాయిలో మాటను ఒంటరిగా నేర్చుకుంటే లాభం లేదు, అది ఏ మాటల పక్కన నిలబడుతుందో కూడా తెలియాలి. ఉదాహరణకు 'కన్సర్న్' తీసుకుందాం. నా విద్యార్థులు దాని ఎదురుగా 'ఆందోళన' అని రాసి వదిలేస్తారు. నేనైతే ఇలా రాయమంటాను. 'కన్సర్న్‌డ్ అబౌట్' అంటే ఆందోళనగా ఉండటం, 'కన్సర్న్‌డ్ విత్' అంటే ఫలానా విషయానికి సంబంధించి ఉండటం. విభక్తి మారితే అర్థమే మారిపోయింది. ఆందోళనను 'రెయిజ్' చేస్తారు లేదా 'ఎక్స్‌ప్రెస్' చేస్తారు, అది పెరుగుతుంటే 'గ్రోయింగ్ కన్సర్న్' అంటారు. 'బిగ్గర్ కన్సర్న్' అంటే పెరుగుతున్న ఆందోళన కాదు, పోల్చి చూస్తే ఇంకా పెద్ద సమస్య అని.

ఆ తర్వాత మీ ఊరి గురించి, మీ జీవితం గురించి సొంత వాక్యం ఒకటి రాయాలి. ఆర్కే బీచ్ దగ్గర సముద్రపు కోత గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకుంటాం. "దేర్ ఈజ్ గ్రోయింగ్ కన్సర్న్ అబౌట్ ఎరోజన్ అలాంగ్ ద బీచ్" అని రాసి, పైకి చదివి, మర్నాడు ఎవరితోనైనా అనాలి. ఒక్క మాటకు అరపేజీ పడుతుంది. పట్టనివ్వండి.

వారం తిరిగేసరికి మరిచిపోతున్నాను. జ్ఞాపకశక్తి తక్కువా?

జ్ఞాపకశక్తి లోపం కాదు, అందరి మెదడూ అలాగే పనిచేస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, తన మీదే ప్రయోగం చేసుకుని, మరపు ఎలా సాగుతుందో 1885లో ప్రకటించారు. నేర్చుకున్న తొలి గంటల్లోనే చాలా జారిపోతుంది, ఆ తర్వాత వేగం తగ్గుతుంది. కాబట్టి మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారానికి, మూడు వారాలకు మళ్లీ చూసుకోవాలి. అంకీ అనే యాప్ ఈ వ్యవధులను తానే లెక్కవేసి అడుగుతుంది, కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం. కార్డులు తయారు చేసే తీరులోనే చాలామంది పొరపాటు పడతారు. ముందువైపు ఇంగ్లీషు మాట, వెనక తెలుగు అర్థం పెడితే గుర్తుపట్టే శక్తే పెరుగుతుంది. ముందువైపు తెలుగులో ఒక సందర్భం రాయండి: "మీటింగు వచ్చే వారానికి వాయిదా పడిందని చెప్పాలి." వెనకవైపు పూర్తి ఇంగ్లీషు వాక్యం ఉండాలి. జవాబు మనసులో అనుకోకుండా పైకి అనండి.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు మంచిదా, ఇంగ్లీషు–ఇంగ్లీషు మంచిదా?

విదేశీ విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీషు–ఇంగ్లీషు లెర్నర్స్ డిక్షనరీ ముందు చూడండి. అందులో అర్థాలను రెండు మూడు వేల సాధారణమైన మాటలతోనే వివరిస్తారు, పైగా ఆ మాట ఏయే మాటలతో కలిసి వస్తుందో ఉదాహరణలిస్తారు. మొక్కలు, జబ్బులు, పనిముట్లు, వంటసామాను పేర్లకు మాత్రం తెలుగు నిఘంటువే సుఖం. మెంతులు అనే ఒక్క మాటతో తేలిపోయేదానికి రెండు వరుసల వర్ణన చదవనక్కర్లేదు.

ఫ్రేజల్ వెర్బ్స్ ఎన్నిసార్లు చదివినా కలగాపులగం అవుతున్నాయి.

'పుట్'తో వచ్చేవన్నీ ఒకచోట, 'టేక్'తో వచ్చేవన్నీ ఒకచోట చదువుతున్నారు కదా, అందుకే. ఒకే పోలిక ఉన్నవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. క్రియను బట్టి కాకుండా సన్నివేశాన్ని బట్టి నేర్చుకోండి. మీటింగు అనే సన్నివేశం తీసుకుంటే, రద్దు చేయడం 'కాల్ ఆఫ్', వాయిదా వేయడం 'పుట్ ఆఫ్', ముందుకు జరపడం 'బ్రింగ్ ఫార్వర్డ్', మనిషి రావడం 'టర్న్ అప్', అనుకున్న సమయం దాటిపోవడం 'రన్ ఓవర్'. ఐదూ కలిపి ఆ వారం జరిగిన నిజమైన మీటింగు గురించి ఒక కథలా చెప్పండి. ఆసుపత్రి, ప్రయాణం, ఇల్లు అద్దెకు తీసుకోవడం, ఇలా నెలకు నాలుగు సన్నివేశాలు పూర్తవుతాయి.

పెద్ద పెద్ద మాటలు వాడితే గౌరవం ఉంటుందా?

ఉండదు. 'స్టార్ట్' అనాల్సిన చోట 'కమెన్స్' అంటే మనిషి సర్కులర్ చదువుతున్నట్టు వినబడుతుంది. సరైన చోట పడిన చిన్న మాటే భాష వచ్చినవాళ్ల గుర్తు.

ఏం చదవాలి? ఎంత చదవాలి?

ఒకే విషయం మీద వరుసగా నాలుగైదు వ్యాసాలు చదవండి. రోజుకో విషయం చదివితే మాటలు ఒక్కసారే కనబడి మాయమవుతాయి. ఒకే అంశం మీద చదివితే అవే మాటలు మళ్లీ మళ్లీ ఎదురై, వెతుక్కోకుండానే అర్థం తెలుస్తుంది. ఒక వారం ఓడరేవుల గురించి, మరో వారం మధుమేహం గురించి, మీకు ఇష్టమైనది ఏదైనా సరే. సంభాషణ కోసమైతే ఇంటర్వ్యూలు, నాటకాలు చదవండి, వాటిలో మనుషులు మాట్లాడే తీరు ఉంటుంది. ఇంట్లో చదువు సాగదనుకునేవాళ్లు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లండి. ఫోను సంచిలో పెట్టి గంట కూర్చుంటే ఇంట్లో మూడు గంటల్లో కానిది అవుతుంది.

## నోరు విప్పే దశ

మనసులో తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకుంటున్నాను. ఈ అలవాటు పోయేదెలా?

తెలుగును మనసులోంచి తరిమేయాలని ప్రయత్నించకండి, అది జరిగే పని కాదు, జరగాల్సిన పనీ కాదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. వాక్యం మొత్తం తెలుగులో తయారయ్యాక తిప్పాలనుకుంటే తోక నుంచి తల వరకు మోసుకు రావాలి, ఆలస్యం అక్కడే. కనుక సిద్ధంగా ఉండే ముక్కలు నేర్చుకోండి. 'వాట్ ఐ మీన్ ఈజ్', 'ద థింగ్ ఈజ్', 'ఇట్ డిపెండ్స్ ఆన్' లాంటివి వాక్యాన్ని ఇంగ్లీషు వరుసలో మొదలుపెట్టిస్తాయి. మొదలు సరిగా పడితే మిగతాది దాని వెంట వస్తుంది.

ఇంట్లో, ఆఫీసులో అందరూ తెలుగువాళ్లే. ఎవరితో మాట్లాడాలి?

విశాఖలో ఈ మాట అనడానికి వీల్లేదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది, దేశంలోని అన్ని రాష్ట్రాల కుటుంబాలూ వచ్చి ఉంటాయి. ఉక్కునగరంలో, రిఫైనరీ కాలనీల్లో ఒడియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులు చదువుతున్నారు, వాళ్లకూ ఊళ్లో స్నేహితులు కావాలి. మీ అపార్ట్‌మెంటులోనే తెలుగు రాని కుటుంబం ఒకటి ఉండే ఉంటుంది. లిఫ్టులో నవ్వి ఊరుకోకుండా, సింహాచలం చందనోత్సవం గురించో, అరకు రైలు గురించో వాళ్లకు చెప్పండి. కొత్త ఊళ్లో ఉన్నవాళ్లకు ఇలాంటి కబురు చెప్పేవాళ్లంటే ఎంతో ఇష్టం.

తెలుగు స్నేహితుడితోనే సాధన చేయాల్సి వస్తే సిగ్గు అడ్డం వస్తుంది. దానికి పని పెట్టుకోవడమే మార్గం. "ఇంగ్లీషులో మాట్లాడుకుందాం" అని కూర్చుంటే ఐదు నిమిషాలకు తెలుగులోకి జారిపోతారు. "భోగాపురంలో స్థలం కొనాలా, మధురవాడలో ఫ్లాటు కొనాలా, ఇరవై నిమిషాల్లో తేల్చుకుందాం" అని కూర్చుంటే వాదన వేడిలో భాష సంగతి మరిచిపోతారు. కావలసింది అదే.

ఎవరూ దొరకకపోతే ఒంటరిగా సాధన చేయవచ్చా?

చేయవచ్చు. నేను అందరికంటే ముందు చెప్పే పద్ధతి ఇదే. ఒకే కథను మొదట నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు, చివర రెండు నిమిషాల్లో చెప్పాలి. ఇంగ్లీషు బోధనలో ఎన్నాళ్ల నుంచో ఉన్న పద్ధతి, పేరు కూడా '4/3/2' అనే. విషయం మారదు కనుక మనసు దాని కోసం వెతుక్కోదు, ఆ శక్తంతా మాటల మీదికి మళ్లుతుంది. మూడోసారి చెప్పేటప్పుడు మీ వాక్యాలు మీకే కొత్తగా వినబడతాయి.

కథ ఏది? విశాఖలో పెరిగినవాళ్లందరి దగ్గరా ఒకటుంది: 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఆ రోజు మీరు ఎక్కడున్నారో చెప్పండి. మొదటిసారి చాలామంది "బిగ్ విండ్ కేమ్, ట్రీస్ ఫెల్, నో కరెంట్" అంటారు. అప్పుడు ఆగి, ఆ కథకు కావలసిన మాటలు వెతుక్కోవాలి. తుపాను తీరం దాటడం 'మేక్ ల్యాండ్‌ఫాల్'. చెట్లు కూకటివేళ్లతో లేచిపోవడం 'అప్‌రూటెడ్'. విమానాశ్రయం పైకప్పు దెబ్బతినడం 'బ్యాడ్లీ డ్యామేజ్‌డ్'. కరెంటు పోవడం 'ద పవర్ వెంట్ అవుట్'. మంచినీళ్ల కోసం వరుస కట్టడం 'క్యూ ఫర్ వాటర్'. కాలాలు కూడా సర్దుకోవాలి. గాలి వీస్తూ ఉంది అనేది ఒక రూపం, అప్పటికే కిటికీ అద్దాలు పగిలిపోయి ఉన్నాయి అనేది మరో రూపం. రెండోసారి చెప్పేటప్పుడు వీటిలో సగం నోటికి వస్తాయి, మూడోసారికి అతుకులు కనబడవు. మా తరగతిలో ఒకామె మూడోసారి చెబుతూ, గాలి ఒక్కసారిగా ఆగి అంతా నిశ్శబ్దమైన ఆ కొద్దిసేపటి గురించి, వాళ్లమ్మగారు "ఇంకా అయిపోలేదు" అన్న మాట గురించి చెప్పారు. మొదటి రెండుసార్లూ ఆ సంగతి రాలేదు. భాష తేలికపడ్డాకే కథలో అసలు విషయం బయటికి వచ్చింది.

మాట్లాడుతుండగా సరైన పదం తట్టదు. అక్కడే ఆగిపోతాను.

పదం లేకపోయినా వస్తువును వర్ణించండి. జల్లెడకు ఇంగ్లీషు మాట గుర్తుకు రాకపోతే, పిండిలో నలకలు తీసేది అని చెబితే అవతలి మనిషే 'సీవ్' అని అందిస్తారు. మీకు మాట దొరికింది, సంభాషణా ఆగలేదు. కొంచెం వ్యవధి కావాలంటే 'లెట్ మి థింక్', 'హౌ షల్ ఐ పుట్ ఇట్' వాడండి. "నా ఇంగ్లీషు బాగుండదు, క్షమించండి" అని మాత్రం ఎప్పుడూ అనకండి. అలా అంటే అవతలివాళ్లు మీ విషయం వదిలి మీ తప్పులు వినడం మొదలుపెడతారు.

రెండు ముక్కలు మాట్లాడాక సంభాషణ చచ్చిపోతోంది.

ప్రశ్నకు జవాబు మాత్రమే ఇచ్చి ఊరుకుంటున్నారు. ఏ ఊరని అడిగితే వైజాగ్ అని ఆగిపోతే అవతలి మనిషి మళ్లీ మరో ప్రశ్న వెతుక్కోవాలి. జవాబు చెప్పి, ఒక చిన్న వివరం కలిపి, మాట వాళ్లకు అప్పగించాలి: "వైజాగే, కాకపోతే పుట్టింది శ్రీకాకుళంలో. చదువు కోసం వచ్చి సముద్రం వదల్లేక ఉండిపోయాను. మీరు సముద్రం దగ్గర ఎప్పుడైనా ఉన్నారా?" ఇక జీతం ఎంత, పెళ్లయిందా, పిల్లలెందరు అన్నవి మన దగ్గర ఆప్యాయతతో అడిగేవే. అమెరికా, బ్రిటన్ సహోద్యోగులతో మొదటి పరిచయంలో అవి వద్దు. వారాంతం, భోజనం, ప్రయాణాలు, వాతావరణం క్షేమం.

నేను మర్యాదగానే మాట్లాడతాను. అయినా విదేశీ కస్టమర్లకు మొరటుగా అనిపిస్తోందని మేనేజరు అన్నారు.

మీ మనసులో మర్యాద ఉంది, అది వాక్యంలోకి దిగలేదు. తెలుగులో మర్యాద అంతా 'గారు', 'మీరు', 'అండి'లో ఉంటుంది. "ఆ ఫైలు పంపండి" అంటే చాలు, మర్యాదగా అడిగినట్టే. ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు కనుక 'సెండ్ మి ద ఫైల్' ఆజ్ఞలా తగులుతుంది. ముందు 'ప్లీజ్' పెట్టినా ఆజ్ఞ ఆజ్ఞే. ఇంగ్లీషువాళ్లు అడగదలచుకున్నదాన్ని ప్రశ్నగా మారుస్తారు: 'కుడ్ యు సెండ్ మి ద ఫైల్?' పెద్ద సాయం అడిగేటప్పుడు వాక్యాన్ని భూతకాలంలోకి జరిపి దూరం పెంచుతారు: 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్...' కాదనేటప్పుడూ అంతే. 'యు ఆర్ రాంగ్' అనకుండా 'ఐ యామ్ నాట్ సో ష్యూర్ అబౌట్ దట్' అంటారు. ప్రతి వాక్యంలో 'సర్' చేర్చడం వల్ల మాత్రం ఈ పని జరగదు. ఈ నాలుగైదు రూపాలు నోటికి పట్టించుకుంటే రెండు వారాల్లోనే మీ ఫోన్ కాల్స్ తీరు మారుతుంది.

"డిడ్ంట్ యు గెట్ మై మెయిల్?" అంటే "ఎస్" అన్నాను. అందిందనుకున్నారు. నా తప్పేమిటి?

తెలుగులో "నా మెయిల్ అందలేదా?" అంటే "అవును, అందలేదు" అంటాం, అంటే అడిగినవారి మాటతో ఏకీభవిస్తాం. ఇంగ్లీషులో జరిగిన సంగతిని బట్టి జవాబు ఉంటుంది: అందకపోతే 'నో', అందితే 'ఎస్'. గందరగోళం రాకుండా ఒక్క మాటతో ఆపకుండా 'నో, ఐ డిడ్ంట్' అని పూర్తిగా చెప్పండి.

తప్పులు ఎవరైనా వెంటనే దిద్దితే మంచిదా?

మాట మధ్యలో దిద్దితే మనిషి ముడుచుకుపోతాడు. మాట్లాడటం అయ్యాక, ఒకటి రెండు మాత్రమే చెప్పించుకోండి. వారానికి ఒక తప్పు మీదే దృష్టి పెట్టండి. మనవాళ్లలో తరచూ వినబడేవి కొన్ని: 'ఐ హావ్' అనాల్సిన చోట 'ఐ యామ్ హావింగ్', 'డిస్కస్' పక్కన అక్కర్లేని 'అబౌట్', 'ఫర్' ఉండాల్సిన చోట 'సిన్స్', తెలుగులో లేనే లేని 'ఎ', 'ద'లు వదిలేయడం. ఆఖరిది అన్నిటికన్నా మొండిది, దాన్ని చివరికి ఉంచుకోండి.

## చెవి, ఉచ్చారణ

రాసి ఉంటే అర్థమవుతుంది, అమెరికావాళ్లు మాట్లాడితే అర్థం కాదు. అంత వేగమా?

వేగం కన్నా, మాటలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోవడం అసలు కారణం. 'డిడ్ యు' 'డిజ్యు' అవుతుంది, 'వాంట్ టు' 'వానా' అవుతుంది, 'అండ్' కేవలం 'న్' అయిపోతుంది. రాతప్రతి దొరికే ఆడియో తీసుకుని అర నిమిషం ముక్కను ఎన్నిసార్లయినా విని, విన్నది రాయండి. తర్వాత రాతప్రతితో పోల్చి, మీ చెవి ఎక్కడ ఓడిందో గీత గీయండి. ఆపైన ఆ ముక్కను మాట్లాడేవారి వెనకే, ఆపకుండా, అదే లయలో పలకండి. రోజుకు పదిహేను నిమిషాలు చేయగలిగితే చాలు. ఇది చాకిరీ లాంటి పనే, కానీ చెవిని ఇంత త్వరగా తెరిచే సాధన మరొకటి నేను చూడలేదు.

ఉత్తరాంధ్ర యాస నా ఇంగ్లీషులో వినిపిస్తోంది. పోగొట్టుకోవాలా?

యాస మీది, ఉంచుకోండి. అవతలివాళ్లకు స్పష్టంగా తెలియడానికి మూడు విషయాలు సరిచేసుకుంటే చాలు. మొదటిది, 'ఎగ్'ను 'యెగ్' అని, 'ఓన్లీ'ని 'వోన్లీ' అని పలకడం. రెండోది, తెలుగులో ఒకే 'వ'గా వినబడే రెండు ధ్వనులు. చొక్కా లోపలి 'వెస్ట్'కు పై పళ్లు కింది పెదవిని తాకాలి, పడమర 'వెస్ట్'కు పళ్లు తగలకుండా పెదవులు గుండ్రంగా రావాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఊనిక. తెలుగులో అక్షరాలన్నిటినీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒకదాన్ని నొక్కి మిగతావాటిని వదులుగా పలుకుతారు, ఆ నొక్కు చోటు మారితే మాటే గుర్తుపట్టరు. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి భాగం మీద, 'ఫొటోగ్రఫీ'లో రెండో భాగం మీద, 'ఫొటోగ్రాఫిక్'లో మూడో భాగం మీద నొక్కాలి. కొత్త మాట రాసుకున్నప్పుడల్లా నొక్కే చోట గీత పెట్టుకోండి.

'ప్రీపోన్', 'అవుట్ ఆఫ్ స్టేషన్', 'డూ ద నీడ్‌ఫుల్' తప్పులా?

మన దేశంలో అందరికీ అర్థమయ్యే మాటలవి, ఇక్కడ వాడటంలో దోషం లేదు. వేరే దేశం వాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లకు తెలిసిన మాట వాడటం మంచిది. 'డౌట్' దగ్గర మాత్రం జాగ్రత్త. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు ఒక ప్రశ్న ఉందని, వాళ్లకేమో మీరు నమ్మడం లేదని.

## పరీక్షలు, ప్రగతి

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌కు జవాబులు బట్టీపడితే పనవుతుందా?

అవదు, ఎగ్జామినర్లు పట్టేస్తారు. పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. రెండో భాగంలో కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోమంటారు, తర్వాత రెండు నిమిషాల దాకా మీరొక్కరే మాట్లాడాలి. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, నాలుగింటికీ సమానమైన విలువ. రెండో భాగానికి మీ జీవితంలోని పది పన్నెండు సంగతులు బాగా చెప్పడం సాధన చేయండి, ఏ కార్డు వచ్చినా వాటిలో ఒకటి అతుకుతుంది. జలాంతర్గామి మ్యూజియానికి వెళ్లిన రోజునే చూడండి. 'కురుసుర' 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో బీచ్‌లో మ్యూజియం అయింది. చూసిన ప్రదేశం, చరిత్ర గురించి తెలుసుకున్న సందర్భం, పిల్లలకు నచ్చిన చోటు, మూడు కార్డులకూ అదే సంగతి సరిపోతుంది.

నర్సును. వైద్యరంగంలో పనిచేసేవాళ్ల ఇంగ్లీషు పరీక్ష ఓఈటీకి ఏం చేయాలి?

స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి, ఒక్కోటి సుమారు ఐదు నిమిషాలు. జబ్బుల పేర్లు మీకు వచ్చు. రోగిని ఊరడించే మాటలు, ఇంజెక్షన్ ఎందుకో మామూలు మాటల్లో చెప్పడం, భయం ఏమిటో అడిగి తెలుసుకోవడం సాధన చేయండి.

ఏఐ చాట్‌తో మాట్లాడితే సరిపోతుందా?

సాధనకు మంచిదే, అర్ధరాత్రి కూడా విసుగు లేకుండా వింటుంది. సిగ్గు పడేవాళ్లు దానితో మొదలుపెట్టవచ్చు. కానీ మీ మాటకు మనిషి ముఖం ఎలా మారిందో అక్కడ కనబడదు, మధ్యలో అడ్డుపడేవాళ్లూ ఉండరు. వారంలో కనీసం రెండుసార్లు మనుషులతో మాట్లాడండి.

మెరుగవుతున్నానో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ స్థాయిలో ఎదుగుదల నెలలోపు కనబడదు, అందుకే చాలామంది విసిగి మానేస్తారు. మూడు నెలలకొకసారి ఒకే అంశం మీద, ముందు సిద్ధం కాకుండా, మూడు నిమిషాలు రికార్డు చేసుకోండి. పాతది, కొత్తది పక్కపక్కన వినండి. తప్పులు లెక్కపెట్టకండి. ఎక్కడ ఆగుతున్నారో వినండి. నేర్చుకునేవాళ్లు మాటల ముక్క మధ్యలో ఆగుతారు, భాష వచ్చినవాళ్లు ముక్క పూర్తయ్యాక ఆగుతారు. ఆగే చోటు మధ్య నుంచి చివరికి జరిగిందంటే మెరుగైనట్టే. ఆ తర్వాత నోటుబుక్కు తీసి, మూడు నెలల్లో రాసుకున్న మాటల్లో అనుకోకుండానే రికార్డింగులోకి వచ్చినవి ఏవో చూసి టిక్కు పెట్టండి. టిక్కు పడని వాటిలో ఇంకా కావాలనిపించినవి తర్వాతి మూడు నెలల జాబితాలో మొదట రాసుకోండి, మిగతావి కొట్టేయండి.